చంటిపిల్లల ఆయాసం, నెమ్ము, బ్రాంకియోలైటిస్: వార్డులో తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు బాగా పడే నెలల్లో మా పిల్లల వార్డులో మంచాలు చాలవు. వచ్చేవాళ్ళలో ఏడాదిలోపు పిల్లలే ఎక్కువ. ముందు జలుబు, మూడో రోజుకు ఆయాసం, పాలు తాగకపోవడం, డొక్కలు ఎగరేయడం. ఏటా తల్లిదండ్రులు మారతారు గానీ సందేహాలు మారవు. రౌండ్స్‌లో ఒక మంచం దగ్గర చెప్పిందే పక్క మంచం దగ్గరా చెబుతాను. రాత్రికి గల్ఫ్ నుంచి నాన్న ఫోన్ చేసి అదే అడుగుతాడు. పొద్దున్నే క్యారేజీ తెచ్చిన అమ్మమ్మ మళ్ళీ అదే అడుగుతుంది. అందుకే వాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు రాసి, జవాబులు ఒకచోట పెట్టాను. ఇదంతా రెండేళ్ళలోపు పిల్లల్లో వైరస్‌ల వల్ల ఊపిరితిత్తులకు దిగే జబ్బు గురించి, అందులోనూ ఎక్కువగా బ్రాంకియోలైటిస్ గురించి, అంటే ఊపిరితిత్తుల చివరి సన్న గొట్టాలు వాచి జిగురుతో పూడుకుపోవడం గురించి. మీ బిడ్డను చేత్తో ముట్టుకుని చూసిన డాక్టరు ఇంకోలా చెబితే, ఆ మాటే వినండి.

## ఇంట్లో ఉండగా

మామూలు జలుబేనా, ఊపిరితిత్తుల్లోకి దిగిందా? ఇంట్లో ఎలా కనిపెట్టాలి?

చెవితో కాదు, కంటితో కనిపెట్టాలి. ముక్కు బిగుసుకున్న పిల్లలందరికీ గురగుర శబ్దం వస్తుంది. అది విని భయపడి పరుగెత్తుకొచ్చేవాళ్ళే ఎక్కువ. నిజంగా ఆయాసపడుతున్న బిడ్డ ఒక్కోసారి ఏ చప్పుడూ చేయదు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తండి. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే లెక్క తప్పుతుంది, చంటిపిల్లల ఊపిరి ఒకే వేగంలో సాగదు.

రెండు నెలల్లోపు బిడ్డకు 60, రెండు నెలలు నిండి ఏడాదిలోపు ఉంటే 50, ఏడాది నిండి అయిదేళ్ళలోపు అయితే 40. ఈ అంకెకు చేరినా, దాటినా ఊపిరి వేగంగా ఉన్నట్టే. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు చూసే లెక్క కూడా ఇదే. ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఛాతీ కింది భాగం లోపలికి గుంట పడుతుంటే, అంటే డొక్కలు ఎగరేస్తుంటే, ఇక జలుబేలే అని ఇంట్లో కూర్చోకూడదు.

రాత్రి పదకొండైంది. పొద్దున్నదాకా ఆగొచ్చా?

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగొద్దు: ఊపిరి మధ్యలో కాసేపు ఆగిపోవడం, పెదాలో నాలుకో నీలంగా మారడం, ఊపిరి వదిలినప్పుడల్లా మూలుగు, ఊపిరి తీసినప్పుడల్లా తల ఊగడం, లేపినా సరిగా లేవకపోవడం, రోజూ తాగే పాలలో సగం కూడా తాగకపోవడం, పన్నెండు గంటలుగా మూత్రం పోయకపోవడం. రెండు నెలల్లోపు బిడ్డకైతే జ్వరం ఒక్కటి చాలు, ఆయాసం కోసం ఎదురుచూడక్కర్లేదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, గుండెలో రంధ్రం ఉన్నవాళ్ళు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు చాలా తొందరగా దిగజారతారు. అలాంటి బిడ్డ ఉంటే కొంచెం ముందే బయల్దేరండి. ఊపిరి ఆగుతున్నా, బిడ్డ నీలంగా ఉన్నా బైక్ మీద రావద్దు, 108కి ఫోన్ చేయండి. అందులో ఆక్సిజన్ ఉంటుంది.

మొన్న డాక్టరు "జలుబే, ఏం కాదు" అన్నారు. ఇవాళ అడ్మిట్ చేయాలంటున్నారు. అప్పుడు సరిగా చూడలేదా?

చాలాసార్లు సరిగానే చూసి ఉంటారు. ఈ జబ్బు నడిచే తీరే అంత. మొదటి రెండు మూడు రోజులు ముక్కు కారడం, కొంచెం జ్వరం, అంతే. ఆ రోజు ఊపిరితిత్తుల్లో వినడానికి ఏమీ ఉండదు. వైరస్ మెల్లగా కిందికి దిగి సన్న గొట్టాలకు చేరాక, మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్య ఆయాసం బాగా ముదురుతుంది. ఆ తరవాత నెమ్మదిగా దిగుతుంది. అందుకే మేము మొదట అడిగే ప్రశ్న "జలుబు ఏ రోజు మొదలైంది?" అని. రెండో రోజున ఆయాసంతో వచ్చిన బిడ్డ ఇంకా ముదరొచ్చు. ఆరో రోజున అంతే ఆయాసంతో వచ్చిన బిడ్డ బహుశా ఒడ్డు చేరుతున్నాడు. తేదీ గుర్తుపెట్టుకుని రండి, మాకు సగం పని తప్పుతుంది.

సాంబ్రాణి వేస్తే కఫం కరుగుతుందని నాయనమ్మ అంటోంది. ముక్కులో ఆముదం చుక్క వేయొచ్చా?

సాంబ్రాణి వద్దు. ఈ మాట చెప్పినప్పుడల్లా ఎవరో ఒక పెద్దావిడ నొచ్చుకుంటుంది. "నా అయిదుగురినీ అలాగే పెంచాను" అంటుంది. పెంచారు, నిజమే. కానీ వాచిపోయి మూసుకుంటున్న గొట్టాల్లోకి పొగ వెళితే వాపు పెరుగుతుంది, ఆ పొగ బొగ్గులదైనా, అగరుబత్తిదైనా, దోమల చక్రానిదైనా, నాన్న సిగరెట్‌దైనా. ఒక బిడ్డను సాయంత్రం తలంటి, సాంబ్రాణి వేసి, గుడ్డలో చుట్టి పడుకోబెట్టారు. రాత్రి రెండింటికి మా దగ్గరికి తెచ్చినప్పుడు ఆ వాసన ఇంకా జుట్టులో ఉంది. జబ్బు సాంబ్రాణి వల్ల రాలేదు, కానీ ఆ రాత్రి ఆయాసం పెరగడానికి అది కూడా తోడైంది.

ముక్కులో, నోట్లో నూనె చుక్కలు వేస్తే అవి జారి ఊపిరితిత్తుల్లో చేరతాయి. దానివల్ల వచ్చే న్యుమోనియా మందులకు సులువుగా లొంగదు. కర్పూరం, మెంథాల్ కలిసిన బామ్‌లు రెండేళ్ళలోపు పిల్లలకు రాయకూడదు. వేడినీళ్ళ ఆవిరి పట్టబోయి ఒళ్ళు కాలిన పిల్లల్ని కూడా చూశాం. డొక్కలెగరేస్తున్నాడని పొట్ట మీద వాతలు పెట్టించడం కొన్ని ఊళ్ళలో ఇంకా ఉంది. దాంతో ఉన్న జబ్బుకు కాలిన పుండు తోడవడం తప్ప ఇంకేమీ జరగదు.

ఇంట్లో నిజంగా పనికొచ్చేది ఒక్కటే. పాలు పట్టే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు రెండేసి వేసి, కాసేపాగి మెత్తటి గుడ్డతో తుడవడం. పాలు కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పట్టండి.

దగ్గు సిరప్ వేయొచ్చా? పక్కింటివాళ్ళ పాపకి తగ్గిందట.

వేయొద్దు. పాపకు తగ్గింది రోజులు గడవడం వల్ల, ఘనత సిరప్‌కు పోయింది. చంటిపిల్లల దగ్గుకు ఈ సిరప్‌లు పనిచేయవు. కొన్ని మత్తునిస్తాయి, ఆయాసంలో ఉన్న బిడ్డకు మత్తు చాలా చెడ్డది. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని 2023 డిసెంబరులోనే మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు మందు తాగి, కిడ్నీలు పాడై పిల్లలు చనిపోయారు. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని రాష్ట్రాలకు మళ్ళీ చెప్పింది. తేనె దగ్గుకు కొంత పనిచేస్తుంది గానీ ఏడాది నిండనివాళ్ళకు నాలుక మీద రాయడం కూడా కూడదు. అందులో బోటులిజం (కండరాలు చచ్చుబడే విషజబ్బు) అనే ప్రమాదం ఉంది.

జ్వరానికి పారాసిటమాల్ చుక్కల సీసా, సిరప్ సీసా రెండూ ఉన్నాయి. ఏదైనా ఒకటేగా?

కాదు. ఈ ఒక్క పొరపాటు ఎంత తేలిగ్గా జరుగుతుందో చూడండి. చుక్కల మందు చాలా చిక్కగా ఉంటుంది, సాధారణంగా ఒక ఎంఎల్‌లో 100 మిల్లీగ్రాములు. సిరప్ 5 ఎంఎల్‌లో 125 లేదా 250 మిల్లీగ్రాములు. అయిదు కిలోల బిడ్డకు ఒక మోతాదు సుమారు 75 మిల్లీగ్రాములు. అంటే చుక్కల మందైతే ముప్పావు ఎంఎల్, 125 సిరప్ అయితే 3 ఎంఎల్. సిరప్ లెక్క గుర్తుంచుకుని చుక్కల సీసాలోంచి 3 ఎంఎల్ పోస్తే నాలుగింతలు వెళ్ళిపోతుంది. ఇంట్లో ఒకే రకం సీసా ఉంచుకోండి. డాక్టరు చేత బిడ్డ బరువు, ఎంఎల్ లెక్క దాని మీదే రాయించుకోండి. ఆరు గంటల ఎడం ఉండాలి. రెండు నెలల్లోపు బిడ్డకు జ్వరమొస్తే మందు వేసి చూద్దామనుకోవద్దు, నేరుగా తీసుకురండి.

## ఆసుపత్రిలో చేర్చిన రోజు

బయట నెమ్ము అన్నారు, ఇక్కడ కేస్ షీట్ మీద బ్రాంకియోలైటిస్ అని రాశారు. రెండూ ఒకటేనా?

మన వాడుకలో ఛాతీలో ఏం చేసినా నెమ్మే. డాక్టర్లు రెండుగా చూస్తారు. ఊపిరితిత్తిని చెట్టనుకుంటే, చివరి సన్న కొమ్మలు వాచి, జిగురుతో పూడుకుపోవడం బ్రాంకియోలైటిస్. ఆకుల్లాంటి గాలి తిత్తుల్లో చీము, నీరు చేరడం న్యుమోనియా. మొదటిది దాదాపు ఎప్పుడూ వైరస్ వల్లే వస్తుంది, రెండోది వైరస్ వల్లా బ్యాక్టీరియా వల్లా రావచ్చు. చంటిపిల్లల్లో కొన్నిసార్లు ఈ గీత చెరిగిపోతుంది, రెండూ కొంచెం కొంచెం ఉంటాయి. అందుకే ఒక డాక్టరు ఒక పేరు, ఇంకో డాక్టరు ఇంకో పేరు చెప్పినంత మాత్రాన ఒకరు తప్పని కాదు.

ఇంట్లో అందరికీ అదే జలుబు. వీడొక్కడికే ఇంత ఆయాసం ఎందుకు?

గొట్టం సైజు వల్ల. గొట్టం వ్యాసం సగానికి తగ్గితే అందులోంచి గాలి లాగడం రెండింతలు కాదు, సుమారు పదహారింతలు కష్టమవుతుంది. మీ గొట్టాల లోపల అర మిల్లీమీటరు వాపు వస్తే మీకు తెలియను కూడా తెలియదు. మూడు నెలల బిడ్డకు అదే వాపు దారి మూసేస్తుంది. పైగా ఆ వయసులో ముక్కుతోనే ఊపిరి తీయడం అలవాటు, ముక్కు బిగుసుకుంటే సగం దారి అక్కడే పోతుంది. రెండు నుంచి ఆరు నెలల పిల్లలే మా వార్డులో ఎక్కువ కనిపించడానికి కారణం ఇదే.

ఆర్‌ఎస్‌వీ అంటే కరోనా లాగా కొత్త వైరసా?

పాతదే. రెస్పిరేటరీ సిన్సిషియల్ వైరస్ దాని పూర్తి పేరు, బ్రాంకియోలైటిస్ తెచ్చే వైరస్‌లలో ముందుండేది ఇదే. 1956లో అమెరికాలో జలుబు చేసిన చింపాంజీల్లో దీన్ని మొదట పట్టుకున్నారు. మరుసటి ఏడే చంటిపిల్లల్లోనూ దొరికింది. రెండేళ్ళు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఒకసారైనా సోకుతుంది. చాలామందికి జలుబుగానే పోతుంది. ప్రపంచమంతటా 2019లో అయిదేళ్ళలోపు పిల్లలు సుమారు 36 లక్షల మంది దీనివల్ల ఆసుపత్రుల్లో చేరారనీ, లక్ష మందికి పైగా చనిపోయారనీ అంచనా. ఆ మరణాల్లో 97 శాతానికి పైగా మనలాంటి దేశాల్లోనే. వైరస్ అన్నిచోట్లా ఒకటే. తేడా అంతా ఆక్సిజన్ ఉన్న చోటికి ఎంత త్వరగా చేరామన్నదాంట్లో ఉంది.

రిపోర్టులో హెచ్‌ఎంపీవీ అని వచ్చింది. టీవీలో చూపించిన చైనా వైరస్ అదేనా?

2025 జనవరిలో టీవీలన్నీ ఊదరగొట్టిన పేరు అదే, చైనాలో పుట్టింది మాత్రం కాదు. 2001లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించారు, అంతకు ముందు నుంచే మనుషుల్లో తిరుగుతోంది. ఆర్‌ఎస్‌వీకి దగ్గరి బంధువు. జబ్బు, చికిత్స రెండూ ఒకేలా ఉంటాయి. ఆ వార్తల వారంలో వట్టి జలుబు పిల్లలతో ఓపీ కిక్కిరిసింది. నిజంగా ఆయాసపడుతున్న ఒక పాప ఆ క్యూలో గంటసేపు ఉండిపోయింది.

ఏ వైరస్సో చెప్పే పెద్ద టెస్ట్ ఉందట. డబ్బులు పోయినా చేయించమంటారా?

చాలామందికి అక్కర్లేదు. ఆర్‌ఎస్‌వీ అని తేలినా, రైనోవైరస్ అని తేలినా, పారాఇన్‌ఫ్లుయెంజా అని తేలినా చేసే చికిత్స ఒకటే. ఫ్లూ విషయం వేరు, ఆసుపత్రిలో చేరిన బిడ్డకు దానికి ఒసెల్టమివిర్ అనే మందు ఉంది, ఎంత ముందు మొదలుపెడితే అంత ఉపయోగం. అందుకే ఫ్లూ సీజన్లో ఆ ఒక్క టెస్టుకు అర్థం ఉంది. ఐసీయూలో ఉన్న బిడ్డకు, పుట్టుకతో గుండె జబ్బో రోగనిరోధక లోపమో ఉన్న బిడ్డకు పెద్ద టెస్ట్ అడిగితే అదీ సబబే.

ఎక్స్‌రే తీయలేదు. ఎందుకని?

ఈ జబ్బును ఎక్స్‌రేతో కాదు, కంటితో, స్టెతస్కోప్‌తో తేలుస్తాం. బ్రాంకియోలైటిస్ ఎక్స్‌రేలో తరచుగా చిన్న మచ్చలు కనిపిస్తాయి. జిగురు అడ్డుపడి ఆ భాగం ముడుచుకున్న గుర్తులవి. వాటిని చూసి "న్యుమోనియా" అనుకుని అక్కర్లేని యాంటీబయాటిక్ మొదలవుతుంది. జ్వరం బాగా ఎక్కువగా ఉన్నా, ఒకవైపే శబ్దం తేడాగా ఉన్నా, అనుకున్న రోజుకు తగ్గకపోయినా, ఐసీయూకి మార్చాల్సి వచ్చినా తీస్తాం.

## వార్డులో

మూడు రోజులైంది, ఒక్క యాంటీబయాటిక్ కూడా పెట్టలేదు. సరిగా పట్టించుకోవడం లేదా?

వార్డులో నేను ఎక్కువసార్లు వినే ప్రశ్న ఇది. వెనకాల ఉన్న మాట కూడా తెలుసు: "ఇన్ని డబ్బులు కడుతుంటే వట్టి గాలి పెట్టి పడుకోబెట్టారు." అవును, ఆక్సిజన్, పాలు లేదా సెలైన్, ముక్కు శుభ్రం, గంట గంటకూ ఊపిరి చూడడం. బ్రాంకియోలైటిస్ చికిత్స అంటే దాదాపు అంతే. వైరస్ తన పని ముగించుకుని పోయేదాకా బిడ్డను అలిసిపోకుండా నిలబెట్టడమే మేము చేసేది. యాంటీబయాటిక్ వైరస్‌ను ముట్టుకోదు. అజిత్రోమైసిన్‌తోనూ ఉపయోగం లేదు. విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు మాత్రం ఖాయంగా కొందరికి వస్తాయి.

పెట్టాల్సిన సందర్భాలు ఉన్నాయి: వెంటిలేటర్ దాకా వెళ్ళిన బిడ్డ, 39 డిగ్రీల సెల్సియస్ దాటి విడవని జ్వరం, ఎక్స్‌రేలో ఒక ముక్క పూర్తిగా గట్టిపడటం, చెవిలో చీము, మూత్రంలో ఇన్‌ఫెక్షన్. అందుకే "ఎందుకు పెట్టలేదు" అని అడిగినట్టే, పెట్టినప్పుడు "ఎందుకు పెట్టారు" అని కూడా అడగండి. రెండో ప్రశ్న ఎవరూ అడగరు.

పక్క మంచం బాబుకి నాలుగు గంటలకోసారి నెబులైజర్ పెడుతున్నారు. మాకెందుకు ఆపేశారు?

పక్క మంచం బాబుకు ఉన్న జబ్బు వేరు కావచ్చు. ఆస్తమాలో గొట్టాల చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి, నెబులైజర్‌లో పోసే సాల్బుటమాల్ మందు వాటిని వదులు చేస్తుంది. బ్రాంకియోలైటిస్‌లో బిగుసుకున్నది కండరం కాదు, వాపు, జిగురు. అందుకే పిల్లికూతలు రెంటిలోనూ వినిపించినా మందు ఒకదాంట్లోనే పనిచేస్తుంది. గుండె వేగం పెరగడం, బిడ్డ చిరాకు పడటం తప్ప లాభం కనపడకపోతే ఆపేస్తాం. స్టెరాయిడ్ కూడా అంతే. కుక్క మొరిగినట్టు దగ్గే క్రూప్ అనే గొంతు వాపులో ఒక్క డోసు డెక్సామెథసోన్ అద్భుతంగా పనిచేస్తుంది, బ్రాంకియోలైటిస్‌లో పనిచేయదు. మూడు శాతం ఉప్పునీటి నెబులైజేషన్‌ను కొందరు డాక్టర్లు వాడతారు, కొందరు వాడరు. దాని మీద వైద్యుల్లోనే ఒక మాట లేదు. వీపు తట్టి కఫం తీయించే ఫిజియోథెరపీ వల్ల మామూలు కేసుల్లో ఉపయోగం లేదు.

ఆక్సిజన్ పెట్టారంటే సీరియస్ అనా?

ఆక్సిజన్ ఇక్కడ మందు లాంటిది, చివరి అస్త్రం కాదు. ముక్కు దగ్గర రెండు చిన్న గొట్టాలు పెట్టి, నిమిషానికి లీటరో రెండు లీటర్లో ఇస్తే చాలామందికి సరిపోతుంది. "అలవాటైపోతుంది, ఇక తీస్తే బతకడు" అని ఒకాయన చెబితే ఒక నాన్న రాత్రి గొట్టం తీసేశాడు. ఆక్సిజన్ అలవాటయ్యేది కాదు. వాపు తగ్గిన కొద్దీ మేమే తగ్గించి, ఒక పూట తీసేస్తాం.

మానిటర్‌లో 91, 90, ఒక్కోసారి 85 చూపిస్తోంది. నిద్ర పట్టడం లేదు. ఏ అంకె దగ్గర భయపడాలి?

ఒక రాత్రి ఒకావిడ బిడ్డ వైపు వీపు పెట్టి, మానిటర్ వైపు తిరిగి కూర్చుని ఉంది. నాలుగు గంటలుగా అలాగే ఉందట. బిడ్డేమో కాళ్ళాడిస్తూ, ఆ కాలి వేలికి చుట్టిన ఎర్ర లైటును నోట్లో పెట్టుకోబోతున్నాడు. అంకె 78 చూపిస్తోంది. కాలు పట్టుకుని ఆపితే 95.

ఆ అంకె రక్తంలో ఆక్సిజన్ శాతం. కాలు కదిలినా, పాదం చల్లబడినా, అతికించింది వదులైనా అంకె పడిపోతుంది. పక్కన నాడి గీత సాఫీగా ఎగిరిపడుతూ ఉంటేనే ఆ అంకెను నమ్మాలి. నిద్రలో కొన్ని సెకన్లు 80ల్లోకి దిగి తనంతట తాను లేవడం కోలుకుంటున్న పిల్లల్లో మామూలే. స్థిరంగా 90 కంటే తక్కువ ఉంటే ఆక్సిజన్ ఇస్తాం. ఆరు వారాల్లోపు పసివాళ్ళకు, గుండె, ఊపిరితిత్తుల జబ్బు ముందే ఉన్నవాళ్ళకు 92 హద్దు. 100 రావాలన్న పట్టుదల వద్దు, దానివల్ల ఆసుపత్రిలో రోజులు పెరగడం తప్ప లాభం లేదు. అంకె ఎలా ఉన్నా బిడ్డ రంగు మారితే, ఊపిరి ఆగితే, లేపినా కదలకపోతే వెంటనే నర్సును కేకేయండి. బజార్లో కొన్న పెద్దవాళ్ళ వేలి మిషన్‌ను చంటిబిడ్డ వేలికి పెట్టి చూడొద్దు, అది సరిగా చూపించదు.

పాలు ఆపేసి ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేశారు. నా పాలు తాగితేనే కదా బలం?

మీ పాలే ఇస్తారు, దారి మారుతుంది అంతే. నిమిషానికి అరవై డెబ్బైసార్లు ఊపిరి తీసే బిడ్డ మధ్యలో మింగలేడు. మింగబోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పిండిన పాలు ఆ గొట్టంలోంచి కొంచెం కొంచెంగా వెళతాయి. ఆయాసం మరీ ఎక్కువైతే పాలు ఆపి సెలైన్ పెడతారు. ఈ రెండు రోజులూ మూడు గంటలకోసారి పాలు పిండుతూనే ఉండండి, లేకపోతే బిడ్డ కోలుకునే వేళకు పాలు తగ్గిపోతాయి. రొమ్ము దగ్గర ఊరికే హత్తుకుని పడుకోబెట్టుకోవచ్చా అని అడగండి, చాలాసార్లు ఒప్పుకుంటారు. ఆ రోజుల్లో మీరూ వేళకు తినాలి. పథ్యం పేరుతో కారం అన్నం, చారు మీద ఉండక్కర్లేదు.

బంధువులు చూడటానికి వస్తామంటున్నారు. ఏం చెప్పాలి?

రావద్దని చెప్పండి, తప్పు మా మీద వేయండి. ఆర్‌ఎస్‌వీ గట్టి ఉపరితలాల మీద కొన్ని గంటలు బతుకుతుంది: మంచం కమ్మీ, ఫోన్, తలుపు గడియ. చేతుల ద్వారా ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు పాకుతుంది. పలకరించడానికి వచ్చిన పెద్దాయన జలుబు పక్క మంచం మీది నెలల బిడ్డకు అంటిన సందర్భాలు మాకు కొత్త కాదు. ఒకరో ఇద్దరో ఉండి, బిడ్డను ముట్టుకునే ముందూ తరవాతా చేతులు కడగాలి. బుగ్గలు గిల్లడాలు, ముద్దులు ఇంటికెళ్ళాక.

హైఫ్లో పెట్టాలి, ఐసీయూకి మార్చాలి అంటున్నారు. చేయి దాటిపోయిందా?

లేదు. హైఫ్లో అంటే వెచ్చజేసి, తేమ కలిపిన గాలిని, ఆక్సిజన్‌ను ఎక్కువ వేగంతో ముక్కులోకి పంపడం, సాధారణంగా కిలో బరువుకు నిమిషానికి రెండు లీటర్ల దాకా. బిడ్డ ఊపిరి లాగే కష్టం కొంత అది మోస్తుంది. 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల్లో 1472 మంది చంటిపిల్లల మీద జరిగిన పరిశోధనలో, మామూలు ఆక్సిజన్‌తో 23 శాతం మందికి చికిత్స చాలకపోతే, హైఫ్లోతో 12 శాతానికే చాలలేదు. అయితే ఆసుపత్రిలో ఉండే రోజులు మాత్రం తగ్గలేదు. అందుకే అందరికీ మొదటి రోజే పెట్టేది కాదు. దానికీ లొంగకపోతే సీప్యాప్, అంటే ముక్కులోకి ఆగకుండా ఒత్తిడితో గాలి పంపే మిషన్, ఆ పైన వెంటిలేటర్.

వెంటిలేటర్ మీద పెడితే మళ్ళీ రారంటారు కదా?

పెద్దవాళ్ళ విషయంలో, కరోనా రోజుల్లో చూసిన దాంతో పుట్టిన భయం ఇది. బ్రాంకియోలైటిస్‌తో వెంటిలేటర్ దాకా వెళ్ళే పిల్లలు కొద్దిమందే. వేరే జబ్బులేవీ లేనివాళ్ళలో ఎక్కువమంది కొన్ని రోజుల్లో వాపు తగ్గి బయటికొస్తారు. ఇక్కడ మిషన్ చేసేది అలిసిపోయిన కండరాలకు విశ్రాంతి ఇవ్వడం. నెలలు నిండని బిడ్డ, గుండె జబ్బున్న బిడ్డ అయితే ప్రమాదం నిజంగా ఎక్కువ. ఆ మాట మీ డాక్టరు మీతో నేరుగా చెప్పాలి, మీరు నేరుగా అడగాలి. సంతకం పెట్టే ముందు ఖర్చు గురించి కూడా మొహమాటపడకండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరు దగ్గర మీ కేసు వర్తిస్తుందో లేదో చేరిన రోజే కనుక్కోండి.

## డిశ్చార్జ్, ఆ తరవాత

ఎప్పుడు పంపిస్తారు?

ఆక్సిజన్ లేకుండా కొన్ని గంటలు, అందులో ఒక నిద్ర కూడా కలిపి, అంకె నిలకడగా ఉండాలి. మామూలుగా తాగే పాలలో ముప్పావు వంతైనా నోటితో తాగాలి. ఊపిరి తేలికపడాలి. ఇవి మూడూ కుదిరితే చాలు. దగ్గు పూర్తిగా పోవాలని ఆగం.

ఇంటికొచ్చి వారమైంది, ఇంకా దగ్గుతున్నాడు. తిరగబెట్టిందా?

చాలావరకు కాదు. దగ్గు రెండు వారాలు సాగడం మామూలు, కొందరికి మూడు వారాలు. లోపలి పొర మళ్ళీ పెరిగేదాకా జిగురును బయటికి నెట్టే పని దగ్గే చేస్తుంది. దగ్గుతూనే ఆడుకుంటుంటే, పాలు తాగుతుంటే వదిలేయండి. తగ్గిన జ్వరం మళ్ళీ రావడం, ఆయాసం మళ్ళీ మొదలవడం, బరువు పెరగకపోవడం, నాలుగు వారాలు దాటినా విడవని తడి దగ్గు, దగ్గి దగ్గి ముఖం ఎర్రబడి వాంతి కావడం, వీటికి మాత్రం చూపించాలి. చివరిది కోరింత దగ్గు కావచ్చు.

పెద్దయ్యాక ఆస్తమా వస్తుందా?

కొందరికి తరవాతి రెండు మూడేళ్ళు జలుబు చేసినప్పుడల్లా పిల్లికూతలు వస్తాయి. వాళ్ళలో ఎక్కువమందికి స్కూలు వయసుకు తగ్గిపోతుంది. ఇంట్లో ఆస్తమా, ఎగ్జిమా (చర్మం ఎండి దురద పెట్టడం) లాంటి అలర్జీలు ఉన్నవాళ్ళలో అది నిలబడే అవకాశం ఎక్కువ. వైరస్ ఆస్తమాను తెచ్చిందా, ఆస్తమా వచ్చే ఒంటితత్వం ఉన్నవాళ్ళకే వైరస్ గట్టిగా తగిలిందా అన్నది ఇంకా నడుస్తున్న వాదన. అప్పటిదాకా ఇంట్లో పొగ లేకుండా చూడటం మీ చేతిలో ఉన్న పని.

దీనికి టీకా లేదా?

ఉంది, చాలా ఆలస్యంగా వచ్చింది. 1966లో అమెరికాలో చేసిన మొదటి టీకా ప్రయోగం ఘోరంగా బెడిసింది. టీకా వేసిన పిల్లలకే ఆర్‌ఎస్‌వీ మరింత గట్టిగా వచ్చింది, ఇద్దరు చనిపోయారు. ఆ దెబ్బతో దశాబ్దాల పాటు ఎవరూ ధైర్యం చేయలేదు. 1998లో పాలివిజుమాబ్ అనే యాంటీబాడీ ఇంజెక్షన్ వచ్చింది గానీ నెలనెలా వేయాలి, ధర మోయలేనిది. వైరస్ మీదుండే ఎఫ్ ప్రోటీన్ కణంలో చొరబడక ముందు ఏ ఆకారంలో ఉంటుందో 2013లో తేలాక దారి దొరికింది. ఇప్పుడు రెండు మార్గాలున్నాయి. ఒకటి, గర్భిణికి వేసే టీకా. తల్లి నుంచి యాంటీబాడీలు బిడ్డకు వెళతాయి. అమెరికాలో 2023లో అనుమతిచ్చారు, 32 నుంచి 36 వారాల మధ్య వేస్తారు. బ్రిటన్‌లో 2024 నుంచి 28వ వారం నుంచే వేస్తున్నారు. రెండోది, బిడ్డకే ఒక్కసారి వేసే నిర్సెవిమాబ్ ఇంజెక్షన్, దాని కాపుదల సుమారు అయిదు నెలలు.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న మీ అమ్మాయికి డెలివరీ ఉంటే గుర్తుచేయండి. పురుటికని వెళ్ళే అమ్మమ్మకు విమానంలో జలుబు అంటుకుంటే, తగ్గేదాకా మాస్కు పెట్టుకుని బిడ్డకు దూరంగా ఉండటం మంచిది. మన దగ్గర సర్కారు ఉచిత టీకాల పట్టికలో ఇవి లేవు. నెలలు నిండని బిడ్డ, గుండె జబ్బున్న బిడ్డ అయితే మీ పిల్లల డాక్టరును అడగండి.

వచ్చే వారం పద్నాలుగు వారాల టీకా ఉంది. ఇంత జబ్బు చేసింది కదా, వాయిదా వేయమంటారా?

జ్వరం లేకుండా, పాలు తాగుతూ ఉంటే వాయిదా అక్కర్లేదు, మిగిలిన దగ్గు అడ్డు కాదు. ఆ రోజు వేసే పెంటావాలెంట్‌లో హిబ్ టీకా కలిసి ఉంటుంది. దాంతోపాటు న్యూమోకోకల్ రెండో డోసు కూడా పడుతుంది. బ్యాక్టీరియా న్యుమోనియాకు పెద్ద కారణాలైన రెండింటినీ ఆపేవి ఇవే. డిశ్చార్జ్ కాగితం, టీకాల కార్డు రెండూ ఏఎన్‌ఎంకి చూపించి వేయించండి.